ముక్కూ మొహం లేని ఏడుగురు

కరెంటు పోయి ఐదు నిమిషాలైంది. ఫ్యాను రెక్కలు ఆఖరి చుట్టు తిరిగి ఆగాయి. హాల్లో చాప మీద నేనూ, మా అక్క కూతురూ. గోడకి జారబడి కూర్చుంది తను, ఒళ్లో నా పాత ట్యాబ్. ఛార్జింగు 41 శాతం. నెట్ లేదు. నెట్ లేకుండా ఆడుకోగలిగిన గేమ్ అందులో ఇదొక్కటే ఉంది.

తెర మీద ఎర్ర ముక్క ఒకటి. అగ్గిపెట్టెని నిలువుగా నిలబెడితే ఎలా ఉంటుందో అలా. కళ్లు లేవు, చేతులు లేవు, కాళ్లు లేవు. చుట్టూ నల్లటి గోడలు, నల్లటి అరుగులు. వెనకాల మసక వెలుతురు, అందులో పొడుగ్గా సాగిన నీడలు.

"బొమ్మ ఇంకా రాలేదు మావయ్యా. లోడవుతోందా?"

"వచ్చేసింది. అదే బొమ్మ."

"ఈ ముక్కా?"

"దాని పేరు థామస్."

తను నా వైపు చూసిన చూపు చీకట్లో కూడా తెలిసింది. ఐస్‌క్రీమ్ అని చెప్పి మజ్జిగ పోసినవాణ్ని చూసే చూపు అది.

ఇంతలో గొంతు వినిపించింది. మగ గొంతు. తీరుబడిగా, సాయంత్రం అరుగు మీద కూర్చుని పక్కింటివాళ్ల సంగతి చెబుతున్నట్టు మాట్లాడే ఇంగ్లిష్ గొంతు. గేమ్ పేరు 'థామస్ వాజ్ అలోన్'. ఆ గొంతు డానీ వాలెస్‌ది. 'ఎస్ మ్యాన్' పుస్తకం రాసిన బ్రిటిష్ రచయిత ఆయన. ఈ గేమ్‌లో కథ చెప్పినందుకు 2013లో బాఫ్టా వాళ్లు ఆయనకి నటనకిచ్చే అవార్డు ఇచ్చారు. దీర్ఘచతురస్రాల తరఫున మాట్లాడి బాఫ్టా తెచ్చుకున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటారనుకోను.

మా పిల్ల నాలుగో తరగతి. బ్రిటిష్ యాసలో ఇంగ్లిష్ తనకి పారదు. అందుకని ఆయన వెనకే నేను తెలుగులో అందుకున్నాను.

"వీడు ఒక్కడేనట. ఎక్కడున్నాడో, ఎలా వచ్చాడో తెలీదట. చుట్టూ చూస్తున్నాడు."

"కళ్లేవీ చూడ్డానికి?"

జవాబు లేదు నా దగ్గర. తను ఎడమ బొటనవేలితో ముక్కని కుడివైపు జరిపింది, కుడి బొటనవేలితో గెంతించింది. థామస్ గెంతాడు. పెద్దగా కాదు, చిన్నగానూ కాదు, మామూలుగా. ముందుకెళ్లి అరుగు చివర నుంచి కిందికి పడ్డాడు. పడగానే కథ చెప్పే ఆయన, పడటంలో తనకి మంచి ప్రవేశం ఉందని థామస్ అనుకుంటున్నాడన్నట్టు ఏదో అన్నాడు. నేనూ అదే చెప్పాను. పిల్ల కిసుక్కున నవ్వింది. మళ్లీ పైకెక్కించి, కావాలని ఇంకోసారి పడేసింది.

"నిజమే, బానే పడుతున్నాడు."

లెవెల్ చివర తెల్లటి గీతలతో ఒక గూడు గీసి ఉంటుంది. సరిగ్గా థామస్ పొడవు, థామస్ వెడల్పు. అందులో నిలబడితే ఆ లెవెల్ అయిపోయినట్టు. ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటూంటే, థామస్ అందులోకి వెళ్లి నిలబడగానే తనే అరిచింది:

"పండింది!"

ఈ సెలవుల్లో మా అమ్మ దానికి అష్టాచెమ్మా నేర్పింది. పందెం కాయ గళ్లన్నీ తిరిగి నడిమింట్లోకి చేరితే పండినట్టు. అష్టాచెమ్మా కాయ మాత్రం ఏమంత బొమ్మ? చింతపిక్క, విరిగిన గాజు ముక్క, కందిగింజ. అయినా మా అమ్మ తన గాజు ముక్కని ఇంకొకరు చంపితే సొంత మనిషి పోయినట్టు నొచ్చుకుంటుంది. ఈ పిల్ల ఆ ఇంట్లోంచి వచ్చింది. ముక్కకి కళ్లు లేవన్న అభ్యంతరం రెండో లెవెల్ దాటలేదు.

నాలుగైదు లెవెళ్లు పండాయి. అప్పుడు క్రిస్ వచ్చాడు.

నారింజరంగు చదరం. చిన్నది. థామస్ పక్కన నిలబెడితే నడుము దాకా కూడా రాడు. గొణుగుడు మనిషి అని గొంతులోనే తెలుస్తుంది. హాయిగా ఒంటరిగా ఉన్నవాణ్ని ఇంకొకడి పక్కన నిలబెట్టారని విసుగు. ఇక్కణ్నుంచి ఆట మారింది. ఇద్దరున్నారు, వేళ్లు ఒకసారి ఒకణ్నే కదిలిస్తాయి. ఎవరిని నడుపుతుంటే వాళ్ల తల మీద చిన్న త్రికోణం. ఎవరి గూడు వాళ్లదే. ఒకరిది ఒకరికి పట్టదు, ఇద్దరూ చేరాకే లెవెల్ పండుతుంది.

క్రిస్‌ని గెంతించింది పిల్ల. వాడు కొంచెం లేచి తప్పుమని కూలబడ్డాడు.

"ఇంతేనా?"

మళ్లీ గెంతించింది. ఇంతే.

"అయ్యో పాపం, పొట్టోడు."

నేనేమీ అనువదించలేదు ఈసారి. కథ చెప్పే ఆయన కూడా ఆ క్షణంలో ఏమీ అనలేదు. ఆ 'పాపం' అన్న మాట గెంతులోంచి వచ్చింది. పక్కవాడు అవలీలగా ఎక్కే అరుగు వీడికి అందదు. పక్కవాడు పట్టని సందులోంచి వీడు దూరిపోతాడు. ఆ రెండు సంగతులూ బొటనవేలికి తెలిశాక క్రిస్ గొణుగుడికి వేరే కారణం చెప్పక్కర్లేదు. వీధి చివర చీకట్లో వస్తున్న మనిషిని మొహం కనపడకుండానే నడక చూసి ఫలానా వాడని గుర్తుపడతాం కదా. ఈ గేమ్ చేసినాయన నమ్ముకున్నది అంతా ఆ నడకనే. ఎవరి గెంతు వాళ్ల స్వభావం. అందుకే నాకు, మొహం మీద చెమట చుక్కతో సహా గీసిన వీరులుండే పెద్ద గేముల్లో ఒక్కడూ గుర్తులేడు గానీ, ఈ నారింజ ముక్క గుర్తున్నాడు.

తర్వాత జాన్. పసుపు పచ్చ. సన్నగా, పొడుగ్గా, తాటిచెట్టులా. గెంతాడంటే తెర పైఅంచు దాకా వెళ్తాడు. చూసేవాళ్లుంటే ఇంకా ఉత్సాహం. తన ప్రతాపం చూపించుకోడానికే ఈ పొట్టివాళ్లు దొరికారని వాడి నమ్మకం.

"మా క్లాసులో వీడిలాంటోడొకడు ఉన్నాడు" అంది పిల్ల. పేరు చెప్పలేదు.

ముగ్గురితో మొదటి చిక్కు. ఎదురుగా ఎత్తైన అరుగు. తను జాన్‌ని పట్టుకుని ఒక్క గెంతులో ఎక్కించేసింది. థామస్‌కి అందలేదు. క్రిస్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పైన జాన్ ఒక్కడూ నిలబడ్డాడు, కింద ఇద్దరూ. తెర వంక చూస్తూ ఉండిపోయింది. పక్కనున్న పళ్లెంలోంచి ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్క ఒకటి నోట్లో వేసుకుంది. నేను నోరు మెదపలేదు. ఈ గేమ్‌లో నాకు బాగా ఇష్టమైన నిశ్శబ్దం ఇదే. తొందరపెట్టే గడియారం ఉండదు, తరిగిపోయే ప్రాణాలుండవు. ముళ్ల మీద పడితే ముక్క పగిలి తునకలైపోతుంది, మరుక్షణం కాస్త వెనక మళ్లీ నిలబడి ఉంటుంది. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు.

జాన్‌ని కిందికి దింపింది. అరుగు పక్కన నిలబెట్టింది. జాన్ పక్కన థామస్. ఇప్పుడది మెట్ల వరస. క్రిస్ థామస్ తల మీదికి, అక్కణ్నుంచి జాన్ తల మీదికి, అక్కణ్నుంచి అరుగు మీదికి. ఆ తర్వాత థామస్ జాన్ తల మీదుగా. ఆఖర్న జాన్, ఎవరి సాయం లేకుండా.

"పొట్టోణ్ని ముందు ఎక్కించాలి. పొడుగోడు చివర్న రావాలి" అంది, పాఠం అప్పజెప్పినట్టు.

సగం గేమ్ ఈ ఒక్క ముక్కలోనే ఉంది. మిగిలిన సగం దీన్ని ఎన్ని రకాలుగా తిప్పి అడగొచ్చో అన్నది. పజిల్స్‌లో ఆరితేరినవాళ్లకి ఇవి చప్పగా ఉంటాయని ఒప్పుకుంటాను. చిక్కు అర్థమవడానికి అరనిమిషం, ఆ మెట్ల వరస కట్టడానికి రెండు నిమిషాలు పట్టే లెవెళ్లూ ఉన్నాయి. ఒక్కొక్కణ్నీ తెచ్చి నిలబెట్టడం, కూలీ పనిలాగే ఉంటుంది. కానీ ఆ కూలీ పని చేస్తున్నంతసేపూ పక్కన కథ నడుస్తూ ఉంటుంది.

ఇంకో చిరాకు అద్దం మీద ఆడటం. నొక్కితే లోపలికి దిగే మీట కాదు కదా, వేలు ఎప్పుడు పక్కకి జారిందో వేలికి తెలీదు. అందులోనూ మా పిల్ల వేళ్లకి మామిడికాయ ఉప్పూకారం. కుడిచేతి మూల తెర మీద ఎర్రటి మరక, సరిగ్గా ముళ్లున్నచోట. థామస్ నాలుగుసార్లు తునకలయ్యాడు.

"నేను నొక్కాను, అది గెంతలేదు!"

"లంగాకి తుడుచుకో చెయ్యి."

తుడుచుకుంది. ట్యాబ్‌ని కూడా.

నీళ్లొచ్చాయి. ఈ లోకంలో నీళ్లంటే చావు. ఎవరు పడినా పగిలిపోతారు. ఆ నీటి ఒడ్డున పెద్ద నీలం చదరం. మందకొడి మనిషి, గెంతితే ఒళ్లు లేవదు. పేరు క్లెయిర్. తన గురించి తనకే పెద్ద నమ్మకం లేనట్టుంటుంది. వెళ్లి నీళ్లలో పడింది.

పిల్ల కళ్లు మూసుకుంది. మూసిన కళ్లు ఒకటి తెరిచి చూసింది.

క్లెయిర్ తేలుతోంది.

ఆ క్షణం నుంచీ క్లెయిర్ తనని తాను ఒక సూపర్‌హీరో అనుకుంటుంది. కథ చెప్పే ఆయన అది చెబుతుంటే గొంతులో వెటకారం ఉండదు, ముద్దు ఉంటుంది. మిగతావాళ్లంతా క్లెయిర్ నెత్తినెక్కి రేవు దాటాలి. థామస్, జాన్, వాళ్ల మధ్య క్రిస్. పడవ మీద పండక్కి వెళ్తున్న సంసారంలా ఉన్నారు. పిల్ల ఊపిరి బిగబట్టి క్లెయిర్‌ని అంగుళం అంగుళం జరిపింది. కింద పియానో, దాని వెనక సన్నటి తీగల మోత, మధ్యమధ్య పాతకాలం వీడియోగేముల బీపుల్లాంటి చప్పుడు. డేవిడ్ హౌస్డెన్ సంగీతం. అవతలి ఒడ్డు చేరేదాకా మేమిద్దరం మాట్లాడలేదు.

"ఇది ఎవరు చేశారు?" అని అడిగింది ఒడ్డు చేరాక.

మైక్ బితెల్ అని ఇంగ్లండాయన. 2010 అక్టోబరులో ఒక రోజులో, అంటే 24 గంటల్లో, దీని మొదటి రూపం ఫ్లాష్‌లో చేశాడు. అప్పటికి ఒట్టి ముక్కలూ గెంతులూనే. తర్వాత లండన్‌లో ఒక గేముల కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ, ఇంటికొచ్చాక మిగిలిన వేళల్లో దీన్ని పెంచాడు. కథ చెప్పే గొంతుకి డబ్బు కావాలంటే ఇంటర్నెట్‌లో చందాలు పోగుచేశాడు. 2012 జూన్‌లో కంప్యూటర్లకి వచ్చింది, 2014లో ఐప్యాడ్‌కీ, అదే ఏడాది ఆండ్రాయిడ్‌కీ. మొత్తం 100 లెవెళ్లు.

పిల్లకి ఇవన్నీ చెబితే ఒక్క సంగతి పట్టుకుంది.

"ఆఫీసు నుంచొచ్చి చేశాడా? మా నాన్న ఆఫీసు నుంచొచ్చి పడుకుంటాడు."

ఛార్జింగు 22.

లోపలి గదిలోంచి మా అక్క గొంతు: "ఒరేయ్, ఆ సౌండు తగ్గించండర్రా. చంటాడు లేస్తే రాత్రంతా నువ్వే ఎత్తుకోవాలి."

తగ్గించాను. చంటాడు మూలిగాడు. పూర్తిగా తీసేశాను. డానీ వాలెస్ పోయాడు, పియానో పోయింది. తెర మీద ఇంగ్లిష్ అక్షరాలు మాత్రం వచ్చి పోతున్నాయి. వాటిని చదివే ఓపిక తనకి లేదు. ఇక ఆట ఆపేస్తుందనుకున్నాను. గొంతు లేకపోతే ఏముంది, నల్లటి మెట్లు, రంగు ముక్కలు. తోలుబొమ్మకైనా కన్నూ ముక్కూ గీస్తారు. వీటికి అదీ లేదాయె.

ఆపలేదు. కొత్త ముక్క వచ్చింది. గులాబీరంగు, అడ్డంగా పడుకున్న పలుచటి పట్టీ. ఇది లారా. నేను అక్షరాలు చూసి గుసగుసగా చెప్పబోయాను. లారా మీద అడుగేసిన ఎవరైనా బంతిలా పైకి ఎగిరిపోతారని, ఇదివరకు కలిసినవాళ్లంతా అలా వాడుకుని వెళ్లిపోయారని, అందుకే ఈమెకి ఎవరి మీదా నమ్మకం లేదని.

"ఉండు. నేను చెప్తా" అంది.

క్రిస్‌ని లారా మీదికి ఎక్కించింది. వాడు ఎగిరాడు. ఇంతసేపూ ఎవడి నెత్తినో ఎక్కితే గానీ ఏ అరుగూ అందనివాడు జాన్ కంటే ఎత్తుకి వెళ్లాడు. దిగాడు. మళ్లీ ఎగిరాడు. పిల్ల గూటి సంగతి మర్చిపోయింది. ఎగరేస్తూనే ఉంది.

"ఓలమ్మో, ఓలమ్మో" అంటోంది క్రిస్ గొంతుతో. అది మా అమ్మ గొంతు. ఎత్తు మెట్లు దిగేటప్పుడు మా అమ్మ అలాగే అంటుంది. "లారా గారండీ, ఇంకొక్కసారండీ. బరువుగా ఉన్నానా అండీ?"

తర్వాత గొంతు మార్చి, కొంచెం ముక్కుతో: "అందరూ ఇలాగే అంటారు. పైకెళ్లాక మర్చిపోతారు."

నేను తెర మీద అక్షరాలకేసి చూశాను. అసలు కథలో కూడా ఈ పాటికి క్రిస్ మనసు లారా మీదికి పోతూ ఉంటుంది. ఇది నేను చెప్పలేదు. ఇంగ్లిష్ ఆయనా చెప్పలేదు, ఆయన నోరు మేమే మూశాం. వాణ్ని ఎగరేసిన మనిషిని వాడు మర్చిపోలేడని తనకి ఆ ఎగరేయడంలోనే తెలిసిపోయింది.

"ఇంకా ఎంతమందొస్తారు?"

"ఇంకో ఇద్దరు. జేమ్స్ అని ఆకుపచ్చవాడు. వాడు కిందికి పడడు, పైకి పడతాడు. అందరూ నేల మీద నడిస్తే వాడు పైకప్పు మీద నడుస్తాడు. అందుకని ఏడిపించేవారట. ఇంకొకామె సారా, ఊదారంగు. గాలిలో ఉండగానే రెండోసారి గెంతగలదు. అంచేత కాస్త గర్వం."

"మొత్తం ఏడుగురు" అని వేళ్ల మీద లెక్కేసింది. "వీళ్లుండేది ఏ ఊరు?"

"ఊరు కాదు. కంప్యూటర్ లోపల. వీళ్లు కంప్యూటర్ ప్రోగ్రాములు. ఏదో లోపం వల్ల వాటికి తెలివొచ్చింది."

"తెలివొచ్చిందని వీళ్లకి తెలుసా?"

ఈ ప్రశ్నకి జవాబు గేమ్ మధ్యలో ఉంది. థామస్ అంతా కలిపి 12 సెకన్ల పాటు ఇంటర్నెట్‌కి తగులుకుంటాడు. తామెవరో, బయట ఏముందో ఆ 12 సెకన్లలో తెలుసుకుంటాడు. తెలిశాక తాను తప్పించుకోవడం గురించి కాకుండా, తన తర్వాత పుట్టేవాళ్లని ఎలా బయటికి పంపాలా అని ఆలోచిస్తాడు. అక్కడి నుంచి పాతవాళ్లు తెర మీంచి తప్పుకుని కొత్త ముక్కలు వస్తాయి. ఆ కొత్తవాళ్లు రంగు వెలుతుర్లలోంచి నడిచి ఈ ఏడుగురి గుణాలు అరువు తెచ్చుకుంటారు, ఎత్తు గెంతు, నీళ్లలో తేలడం వగైరా. పజిల్స్ అక్కడ పదునెక్కుతాయి, నిజమే. నా మటుకు నాకు మనసు మాత్రం పాతవాళ్ల దగ్గరే ఉండిపోయింది. అరువు గెంతుకి మనిషి అతకడు.

ఇదంతా తనకి చెప్పలేదు. ముందే చెబితే ఊరుకోదు.

"తెలుస్తుంది. తర్వాత" అన్నాను.

అంతలో తెర పక్క నుంచి నల్లటి ముసురు ఒకటి కమ్ముకొచ్చింది. చిన్నచిన్న నలుసుల మేఘం. దానికి దొరికినవాణ్ని మింగేస్తుంది. పిల్ల ట్యాబ్ మీదికి వంగింది. మొహం మీద తెర వెలుతురు, ముక్కు చివర చెమట. "పరిగెత్తండర్రా" అంది పళ్ల మధ్య నుంచి. పరిగెత్తించింది. ఎలాగో బయటపడ్డారు.

ఛార్జింగు 6. మూల చిన్న బ్యాటరీ గుర్తు ఎర్రబడింది.

"ఇంక ఆపేద్దాం. రేపు ఆడుకోవచ్చు."

"ఒక్కటి. పాతదొకటి. మెట్ల ఆట."

లెవెళ్ల పట్టీలోకి వెళ్లి వెనకటిదొకటి పట్టుకుంది. థామస్, క్రిస్, జాన్. ఆ ముగ్గురే. చెయ్యి తిరిగింది కదా, ఈసారి చకచకా నడిపింది. థామస్ జాన్ నెత్తి మీదుగా పైకి. జాన్ ఒక్క గెంతులో పైకి. థామస్ తన గూట్లో నిలబడ్డాడు, గీతలు వెలిగాయి. జాన్ తన గూట్లో నిలబడ్డాడు, గీతలు వెలిగాయి. ఛార్జింగు 4.

మూడో గూడు ఖాళీగా ఉంది. చిన్న చదరం.

క్రిస్ కిందే ఉన్నాడు. తొందర్లో వాణ్ని మర్చిపోయింది.

తను కాసేపు ఏమీ అనలేదు. క్రిస్‌ని ఒకసారి గెంతించింది. వాడు కొంచెం లేచి తప్పుమని కూలబడ్డాడు. చప్పుడు లేదు, అయినా తప్పుమనే అనిపించింది.

హాల్లో ట్యూబ్‌లైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. ఫ్యాను మూలుగుతూ కదిలింది. ఫ్రిజ్ గుర్రుమంది. లోపల్నుంచి మా అక్క, "కరెంటొచ్చింది, లేచి పడుకోండి" అంది. ఛార్జర్ వంటింట్లో ఉంది. ఛార్జింగు 3.

"వదిలెయ్యవే. మళ్లీ మొదటి నుంచి ఆడుకోవచ్చు."

"ఉండు మావయ్యా, క్రిస్ ఇంకా పండలేదు."

థామస్‌ని గూట్లోంచి తీసి కిందికి దింపింది. తర్వాత జాన్‌ని అరుగు చివరిదాకా నడిపించి ఆపింది. వాడి గొంతు పెట్టి, "ఛ, మళ్లీ దిగాలా" అంది.

దింపింది.